జాగ్రత్త! బెంగళూరు ఎస్పీ రోడ్డులో ‘మిల్లీగ్రాము కాటా’ కొనేవాళ్లు ఇది చదివి వెళ్లండి

ఎయిర్ రైఫిల్ పెల్లెట్లు (చిన్న సీసపు గుళ్లు) ఏరుకునే బెంచ్ ఇంట్లో సొంతంగా పెట్టుకుంటున్నవాళ్ల కోసం ఇది. 19 ఎంఎం ప్లైవుడ్, దానిమీద వంటింటి గట్టుకి వాడగా మిగిలిన గ్రానైటు ముక్క, వాలుగా నిలబెట్టిన అద్దం (అంచు వంగిన పెల్లెట్ దానిమీద పక్కకి దొర్లిపోతుంది), అన్నీ చేత్తో చేసినవే. డబ్బు పెట్టి కొన్న ఒక్క కాటాయే ముంచింది. 2,800 రూపాయలు. దుకాణం ఏదో మీలో సగం మందికి ఈపాటికే తెలిసుంటుంది.

0.177 (అంగుళాల్లో వ్యాసం) పెల్లెట్ సుమారు 0.53 గ్రాములు. 0.1 గ్రెయిన్ (పెల్లెట్ల బరువు చెప్పే చిన్న కొలత) తేడాతో కుప్పలు పెట్టాలంటే 6.5 మిల్లీగ్రాముల తేడా కనబడాలి. రెండు దశాంశాల కాటా 10 మిల్లీగ్రాముల చొప్పున దూకుతుంది, దేనికీ పనికిరాదు. అందుకే మూడు దశాంశాలది. దుకాణంలో 20 గ్రాముల రాయి పెట్టి చూపించాడు. 20.000. ఆహా! ఏ రాయితో కాలిబ్రేట్ చేశాడో అదే రాయి మళ్లీ పెడితే 20.000 కాక ఇంకేం చూపిస్తుంది? రాయి తప్పుదైనా అంతే చూపిస్తుంది. ఇది తెలిసి కూడా తలూపాను చూడండి, అదీ నా తెలివి.

ఇంట్లో అరగంట వేడెక్కనిచ్చి, ఒకే పెల్లెట్‌ని మూడుసార్లు పెడితే 0.531, 0.524, 0.538. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి 80 గ్రాములు) కాగితం చదరపు సెంటీమీటరుకి 8 మిల్లీగ్రాములు. 5 సెంటీమీటర్ల చతురస్రం కోసి పెడితే 0.200 దగ్గర రావాలి. ఒకసారి 0.188, ఇంకోసారి 0.214. పళ్లెం మూలకి జరిపితే ఇంకో లెక్క.

దుకాణానికి తీసుకెళ్తే, “ఫ్యాన్ గాలి సార్” అన్నాడు. ఫ్యాన్ ఆపించా. 0.519. అప్పుడు గొంతు మారింది. “బంగారమా నువ్వు తూచేది? సీసమే కదబ్బా! తుపాకి గుండ్లు తూస్తాండావని పోలీసోళ్లకి చెప్పాల్నా?” అంతసేపూ ‘మన హిందూపురం పక్కోళ్లే’ అని టీ తాగించిన మనిషే, నలుగురు కస్టమర్ల ముందు, నవ్వుతూ!

2016 ఆయుధ నియమాల ప్రకారం 0.177 బోరు (గొట్టం రంధ్రం), పెల్లెట్ బయటికొచ్చే శక్తి 20 జూల్స్ దాటని ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. తూటాల్లో మందు నింపడం వేరే సంగతి, దానికి లైసెన్సు ఉండాల్సిందే. రెండింటికీ తేడా అతనికి తెలుసు. బెదిరిస్తే నోరు మూసుకుని పోతారనీ తెలుసు. పోయాను కూడా. చేతిలో ఉన్నది కచ్చా బిల్లు, మోడల్ నంబరు లేదు, సీరియల్ నంబరు లేదు. 18 శాతం జీఎస్టీ మిగిల్చుకున్న మహానుభావుణ్ణి కదా.

కొనేవాళ్లు పక్కా బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. సొంత పెల్లెట్ ఒకటి జేబులో వేసుకెళ్లి అక్కడే పదిసార్లు పెట్టి చూడండి, 2 మిల్లీగ్రాములు దాటి ఊగితే వదిలేయండి. డబ్బాలోంచి తీసిన పీసునే చూడండి, షోకేసులోది కాదు. బిల్లు ఉన్నవాళ్లకి 1915 (వినియోగదారుల హెల్ప్‌లైన్) ఉంది.

పోనీ వంటింట్లోనైనా వాడుకుందామంటే, సీసం తగిలిన పళ్లెం.