గంజాయి నూనెనా, రిస్పెరిడోన్ గోలీనా: మన ఆటిజం పిల్లలకు ఏది మేలు?

"అన్నా, గా నూనె తెప్పిస్తవా?"

పరకాల నుంచి వచ్చిన ఒక తండ్రి కౌంటర్ మీదికి వంగి, పక్కవాళ్ళకు వినపడకుండా అడిగాడు. ఏ నూనె అని నేను అడగలేదు. హన్మకొండలో మా మెడికల్ షాపుకు ఈ ప్రశ్న రావడం ఈ ఏడాదిలో ఎన్నోసారో లెక్క లేదు. ఫోన్ తీసి వీడియో చూపించాడు. ఎక్కడో అమెరికాలో ఒక పిల్లగాడు, నాలుక కింద చుక్కలు వేశాక కాసేపటికి అరుపులు మాని తల్లి ఒళ్ళో కూర్చున్నాడు. ఆయన జేబులోనే ఇంకో చీటీ ఉంది, రిస్పెరిడోన్ రాసింది. రాసి మూడు వారాలైంది, ఇంకా కొనలేదు. "ఇది మెంటలోళ్ళకిచ్చే గోలీ అంట గదన్నా. నూనె అయితే చెట్టుది, ఏం గాదు."

నాకు షాపుంది, ఆటిజం ఉన్న కొడుకూ ఉన్నాడు. ఒక్కొక్కరికీ కౌంటర్ దగ్గర నిలబడి చెప్పే బదులు ఒక్కసారే రాద్దామనిపించింది. మందు రాసేది డాక్టరే. నేను అమ్మేవాణ్ణి, ఆపైన తండ్రిని. ఆ హద్దులోనే ఉంటాను.

ముందు ఒకటి తేల్చుకుందాం. మాట రావడానికో, కళ్ళలోకి చూడటానికో ఈ రెంటిలో ఏదీ మందు కాదు. పోటీ అంతా ఒక్క చోటే: తల గోడకేసి బాదుకోవడం, కొరకడం, చేతికందింది విసరడం, గంటల తరబడి ఆగని ఏడుపు. ఇవి లేని పిల్లలకు ఈ చర్చే అక్కర్లేదు.

రిస్పెరిడోన్ సంగతి పాతదే. 2002లో అమెరికాలో 101 మంది పిల్లల మీద ఎనిమిది వారాల పరీక్ష జరిగింది. సగం మందికి మందు, సగం మందికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మందు. ఎవరికి ఏది ఇస్తున్నారో ఇంట్లోవాళ్ళకు తెలియదు, డాక్టర్లకూ తెలియదు. మందు తీసుకున్నవాళ్ళలో 69 శాతం మందికి బాగా తగ్గింది, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళలో 12 శాతానికే. 2006లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ 5 నుంచి 16 ఏళ్ళ ఆటిజం పిల్లల చిరాకుకు దాన్ని ఒప్పుకుంది. అదే పరీక్షలో ఇంకో అంకె కూడా ఉంది. ఆ ఎనిమిది వారాల్లో మందు వాడిన పిల్లలు సగటున 2.7 కిలోలు పెరిగారు.

ఆ కిలోలు మా ఇంట్లో చూశాను. మావాడికి ఏడేళ్ళప్పుడు 24 కిలోల బరువు. డాక్టర్ అర మిల్లీగ్రాముతో మొదలుపెట్టారు. మూడో వారానికి ఇల్లు నెమ్మదించింది. సంక్రాంతి నాటికి 28 కిలోలు. పండక్కి మా అమ్మ చేసిన సకినాలు స్టీలు డబ్బాలో పెట్టి అటక మీద దాచితే, రాత్రి రెండింటికి కుర్చీ మీద స్టూలు వేసుకుని ఎక్కాడు. స్కూల్ ప్యాంటు గుండీ పట్టక మా ఆవిడ నడుము దగ్గర ఎలాస్టిక్ వేసింది. తర్వాత డాక్టర్ డోసు తగ్గించారు, ఏడాది దాటాక మెల్లగా ఆపేశారు. బరువొక్కటే కాదు, రక్తంలో చక్కెర చూడాలి, ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరిగి మగపిల్లల్లో కూడా ఛాతీ వాయవచ్చు, మత్తుగా ఉంటారు, చేతులు వణకవచ్చు. ఇది తేలిక మందు అని నేనెవరికీ చెప్పను.

ఇక నూనె. వీడియోల కింద తిరిగే అంకెలు ఎక్కువగా 2019లో ఇజ్రాయెల్ నుంచి వచ్చిన లెక్కలవి. 188 మందికి గంజాయి మొక్కలోని రెండు పదార్థాల్లో నిషా ఎక్కించని సీబీడీ ఎక్కువ, నిషా ఎక్కించే టీహెచ్‌సీ తక్కువ ఉన్న నూనె ఇచ్చి, ఆరు నెలల తర్వాత అడిగితే, జవాబిచ్చినవాళ్ళలో 30 శాతం చాలా మెరుగన్నారు, 54 శాతం ఓ మోస్తరు మెరుగన్నారు. వినడానికి బాగుంది. కానీ అక్కడ ఉత్తుత్తి నూనె తీసుకున్న గుంపు లేదు.

ఆ గుంపు ఎందుకంత ముఖ్యమో నాకు మా ఇంటి గోడ క్యాలెండర్ చెప్పింది. పాల లెక్క రాసుకునే క్యాలెండరే. మావాడు తల కొట్టుకున్న ప్రతిసారీ ఆ తేదీ గడిలో ఒక గీత పెట్టేవాళ్ళం. ఫిబ్రవరిలో 61 గీతలు. మార్చిలో 28. మధ్యలో మేము ఏమీ మార్చలేదు. మందు లేదు, తిండి అదే, థెరపీ అదే. వారం రోజులు బుర్ర గోక్కున్నాక మా ఆవిడే కనిపెట్టింది: పక్క బిల్డింగులో టైల్స్ కోసే మిషన్ పని ఫిబ్రవరి ఆఖరుకు అయిపోయింది. ఆ మార్చిలోనే నూనె మొదలుపెట్టి ఉంటే నేనూ ఈపాటికి వీడియో తీసి పెట్టేవాణ్ణి.

ఉత్తుత్తి నూనెతో పోల్చిన పరీక్ష కూడా ఇజ్రాయెల్‌లోనే జరిగింది. 5 నుంచి 21 ఏళ్ళ 150 మంది, 2021లో అచ్చయింది. ముందుగా పెట్టుకున్న రెండు ప్రధాన కొలతల్లో ఒకదానిలో నూనెకూ ఉత్తుత్తి నూనెకూ తేడా తేలలేదు. రెండోదానిలో మాత్రం గొడవ చేసే ప్రవర్తన 49 శాతం మందిలో బాగా తగ్గింది, ఉత్తుత్తి నూనెతో 21 శాతంలో. అంటే ఇందులో ఏమీ లేదని కొట్టిపారేయలేం. ఇంకా పరీక్షలు జరగాల్సిన మందు అది. బరువు పెరగకపోగా ఆకలి తగ్గింది, మత్తు వచ్చింది. మన పిల్లలు తినేదే నాలుగు రకాలు, ఆకలి తగ్గడం కూడా లాభమేమీ కాదు.

ఇంతవరకు చూస్తే ఎవరైనా "అదీ చూద్దాం, పోయేదేముంది" అనొచ్చు. నేనూ అన్నాను. నా మనసు మార్చింది పరీక్ష కాదు, సీసా.

ఇది మావాడికి గోలీ మొదలుపెట్టక ముందు సంగతి. జూన్‌లో బడి తెరిచాక మావాడికి మళ్ళీ ఎక్కువైంది, కనుబొమ్మ చిట్లి కుట్లు పడ్డాయి. ఆ టెన్షన్‌లో ఆన్‌లైన్‌లో ఒక కంపెనీ నూనె ఆర్డర్ పెట్టాను. మన దగ్గర ఇవి ఆయుర్వేద మందులకిచ్చే ఆయుష్ లైసెన్సు మీద, గంజాయి ఆకుకు ఆయుర్వేదంలో ఉన్న విజయ అనే పేరుతో, డాక్టర్ చీటీతో అమ్ముతారు. వీడియో కాల్‌లో ఐదు నిమిషాల్లో చీటీ వచ్చేసింది. బరువు అడిగారు. వేరే మందులేమైనా వాడుతున్నాడా అని అడగలేదు. సీసా వచ్చింది: 30 మిల్లీలీటర్లు, లేబుల్ మీద 1000 మిల్లీగ్రాముల సీబీడీ. పొద్దున మూడు చుక్కలు, రాత్రి మూడు చుక్కలు అని రాసి ఉంది.

అమ్మేవాడి బుద్ధి ఊరుకోదు కదా, లెక్క వేశాను. మిల్లీలీటరుకు ఇంచుమించు 20 చుక్కలు. ఒక్కో చుక్కలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు కాస్త ఎక్కువ. ఆరు చుక్కలకు రోజుకు 10 మిల్లీగ్రాములు. ఆ ఇజ్రాయెల్ పరీక్షలో మొదలుపెట్టిందే కిలోకు 1 మిల్లీగ్రాముతో, 40 కిలోల లోపు పిల్లలకు మెల్లగా కిలోకు 10 దాకా తీసుకెళ్ళారు. 24 కిలోల మావాడికి మొదటి రోజే 24, చివరికి 240 అన్నమాట. ఆ లెక్కన నా చేతిలో ఉన్న సీసా నాలుగు రోజులకు వస్తుంది, నెలకు ఏడు సీసాలు దాటుతాయి. అంటే వీడియోలో చూపించే ఫలితం ఒక కొలతది, నాకు అమ్మింది ఇంకో కొలతది.

అసలు లేబుల్ మీదున్నదే లోపల ఉందా? అమెరికాలో ఆన్‌లైన్‌లో అమ్మే 84 సీబీడీ సరుకులను కొని పరీక్షిస్తే, 2017లో వచ్చిన ఫలితం ఇది: లేబుల్‌కు సరిపోయినవి 31 శాతం. 18 సరుకుల్లో టీహెచ్‌సీ కూడా దొరికింది. నేను ఆ కంపెనీని నా సీసా బ్యాచ్ రిపోర్టు అడిగాను. పంపారు. దాని మీదున్న బ్యాచ్ నంబరు వేరేది. ఆ సీసా మూత తీయకుండా ఇప్పటికీ మా షాపు సొరుగులో ఉంది.

గోలీ దగ్గర ఈ తంటా లేదు. అర మిల్లీగ్రాము అంటే అర మిల్లీగ్రామే. ఎక్కువైతే తగ్గించొచ్చు, ఎంత తగ్గించామో తెలుస్తుంది. నాకు తూకం అక్కడే తేలిపోయింది.

ఫిట్స్ మందు వాడే పిల్లల తల్లిదండ్రులు మాత్రం ఇది రెండుసార్లు చదవండి. ఆటిజం పిల్లల్లో ఫిట్స్ కూడా ఉన్నవాళ్ళు తక్కువేమీ కాదు. సీబీడీ శరీరంలో క్లోబజామ్ అనే ఫిట్స్ మందు ప్రభావాన్ని పెంచుతుంది, పిల్లగాడు లేవలేనంత మత్తులో పడొచ్చు. వాల్‌ప్రోయేట్ అనే ఇంకో ఫిట్స్ మందుతో కలిస్తే లివర్ ఎంజైములు పెరుగుతాయి. ఇది చెట్టు మందు కాబట్టి డాక్టర్‌కు చెప్పక్కర్లేదనుకోవద్దు. అదే సీబీడీని శుద్ధి చేసి, కొలిచి, ఎపిడియోలెక్స్ పేరుతో రెండు రకాల మొండి ఫిట్స్ జబ్బులకు 2018లో అమెరికాలో ఒప్పుకున్నారు. 2020లో మూడోదీ చేర్చారు. అక్కడ కూడా లివర్ పరీక్షలు చేయిస్తూ ఇస్తారు. ఆటిజానికి ఆ ఒప్పుదల లేదు. న్యూరాలజిస్టు చేతిలో అలాంటి కొలిచిన మందు ఉంటే, ఫిట్స్ ఉన్న పిల్లలకు నేను అడ్డు చెప్పను.

మిగతావి. అరిపిప్రజోల్ కూడా ఇదే పనికి 2009లో ఒప్పుకున్న మందే, కొందరికి కాలు నిలవనంత అలజడి తెస్తుంది. మెలటోనిన్ నిద్రకే. హెంప్, అంటే గంజాయి జాతి మొక్క, గింజల నూనె 2021 నుంచి తిండి సరుకుగా అమ్ముకోవచ్చు, కానీ అందులో సీబీడీ దాదాపు ఉండదు, దానికోసం కొనేవాళ్ళు తిండిలోకే వాడుకోవాలి.

పోలీసుల భయం గురించీ అడుగుతారు. కాజీపేట రైళ్ళలో గంజాయి పట్టుబడ్డ వార్తలు చదివి చదివి, మనకు ఆ పేరంటేనే గుబులు. 1985 చట్టం గంజాయి అన్నది పూత, కాయ ఉన్న కొసలను. ఒట్టి ఆకు అందులోకి రాదు, ఆయుర్వేదం విజయ అనేది దాన్నే. కాబట్టి లైసెన్సు, చీటీ ఉన్న సీసా వేరు, ఎవరో తెలిసినవాడు కాచి ఇచ్చిన నూనె వేరు. రెండోదాని జోలికి అస్సలు పోవద్దు.

పరకాల ఆయనకు ఆ రోజు నేను నూనె ఇవ్వలేదు, గోలీలూ అంటగట్టలేదు. పన్ను నొప్పి, చెవిపోటు, మలబద్ధకం ఏమైనా ఉన్నాయేమో ముందు చూపించమన్నాను. చెప్పలేని పిల్లలు తల బాదుకునే చెబుతారు. షాపువాళ్ళు పంచిన క్యాలెండర్ ఒకటి మిగిలి ఉంటే చేతికిచ్చి, గీతలు పెట్టమన్నాను.

పోయిన గురువారం వచ్చాడు. క్యాలెండర్ చుట్టచుట్టి చంకలో పెట్టుకున్నాడు. కౌంటర్ మీద పరిచి చూపించాడు. గీతలన్నీ పొద్దుటి పూటవేనట, బాత్రూంకు పోయే ముందు. "మూడు దినాలకోసారి గాని పోతలేడన్నా, గిది మేం పట్టించుకోలే." శనివారం అదే క్యాలెండర్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి పోతున్నాడు. రిస్పెరిడోన్ చీటీ ఇంకా జేబులోనే ఉంది. నూనె సంగతి ఈసారి ఎత్తలేదు.