సంచార్ సాథీ: ఇంట్లోని పెద్దవారికి ఎంతవరకు ఉపయోగం?

ఫోన్ మోసాల నుంచి కాపాడుకునేందుకు కేంద్ర టెలికాం శాఖ 2023లో పోర్టల్‌గా, 2025 జనవరిలో మొబైల్ యాప్‌గా తెచ్చిన ‘సంచార్ సాథీ’ రిటైరైన తల్లిదండ్రుల ఫోన్‌లో ఉంచదగినదేనా అన్న ఒక్క ప్రశ్నతోనే దానిని పరిశీలించాను. ఉంచదగినదే, కానీ మోసగాడి కాల్‌ను అది అడ్డుకుంటుందన్న ఆశతో మాత్రం కాదు.

ఇందులో అన్నిటికన్నా విలువైనది, మన పేరు మీద ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో చూపే సదుపాయం. ఎప్పుడో ఎక్కడో ఇచ్చిన ఆధార్ జిరాక్సుతో మరెవరో తీసుకున్న కనెక్షన్ ఆ జాబితాలో కనబడితే, అది తమది కాదని అక్కడికక్కడే తెలియజేయవచ్చు. ‘మీ సిమ్‌తో నేరం జరిగింది’ అంటూ పోలీసు దుస్తుల్లో వీడియో కాల్ చేసి, మన చట్టాల్లో ఎక్కడా లేని ‘డిజిటల్ అరెస్ట్’ పేరుతో వృద్ధులను గంటల తరబడి కెమెరా ముందు కూర్చోబెట్టే ముఠాలకు ఈ భయమే పెట్టుబడి కనుక, తన పేరున ఉన్న నంబర్లేవో ముందే చూసుకున్న మనిషిని బెదిరించడం అంత తేలిక కాదు.

అనుమానం కలిగించిన కాల్, ఎస్సెమ్మెస్, వాట్సాప్ సందేశాలపై ఫిర్యాదు చేయడానికి ‘చక్షు’ విభాగం ఉంది. బ్యాంకు కేవైసీ, కరెంటు బిల్లు, లాటరీ, ప్రభుత్వాధికారిననే నటన అంటూ మోసాలను రకాలుగా విడదీసి చూపినందువల్ల ఆ జాబితాను ఒకసారి చదివించడమే పెద్దవారికి మంచి పాఠం. ఫారం నింపడం మాత్రం చాలామందికి పక్కన ఒకరు కూర్చుంటే తప్ప సాధ్యం కాదు. కాల్స్, సందేశాలు చూసేందుకు యాప్ అనుమతి అడుగుతుంది; అది ఇష్టంలేనివారు పోర్టల్‌తో సరిపెట్టుకోవచ్చు. ఈ యాప్‌ను అన్ని కొత్త ఫోన్లలోనూ ముందే ఉంచాలన్న ఆదేశాన్ని 2025 డిసెంబరులో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది.

అసలు చిక్కు మరొకటి. చక్షు ఉన్నది డబ్బు ఇంకా పోనివారి కోసం. పోయినవారు వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి, లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు క్షణాల్లో మారిపోతుంటే, కంగారులో ఉన్న వృద్ధులకు ఈ తేడా తట్టదు. అందుకే యాప్ పెట్టిన రోజే 1930ని వారి ఫోన్‌లో ‘డబ్బు పోతే’ అన్న పేరుతో సేవ్ చేయాలి. యాప్‌ను ప్లే స్టోర్ లేదా ఆపిల్ యాప్ స్టోర్ నుంచి మాత్రమే తీసుకోవాలి. ఇదే పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను నేరుగా ఫోన్‌లో పెట్టే ఫైలు) వస్తే తెరవకూడదు.