యార్క్‌షైర్ టెరియర్‌కు ‘వై’ ఆకారపు హార్నెస్ సరిపోతుందా?

యార్క్‌షైర్ టెరియర్‌ను ఇంటికి తెచ్చుకున్నవారు మెత్తని పడక కన్నా, అందమైన దుస్తుల కన్నా ముందుగా కొనవలసింది మంచి హార్నెస్ (మెడకు కాకుండా రొమ్ము, వీపు చుట్టూ తొడిగే పట్టీల అమరిక) అని నా అభిప్రాయం. మా యార్కీకి (ఈ జాతిని ముద్దుగా అలా పిలుస్తారు) వాడుతున్న హార్నెస్ ముందు భాగం ‘వై’ అక్షరం ఆకారంలో ఉండి, లోపల మెత్తని అస్తరుతో, వీపు మీద ఒకటి, రొమ్ము మీద ఒకటి చొప్పున రెండు రింగులతో వస్తుంది. కుట్టు నాణ్యత కన్నా, ఈ జాతి ఒంటికీ స్వభావానికీ అది ఎంతవరకు సరిపోతుందన్నదే ఇక్కడ నాకు ముఖ్యం.

జాతి ప్రమాణం ప్రకారం 3.2 కిలోలు మించని ఈ కుక్కను చాలామంది ఒడిలో ఆడించుకునే జీవిగానే చూస్తారు. కానీ దీని పూర్వీకులు 19వ శతాబ్దంలో పని వెతుక్కుంటూ స్కాట్లాండు నుంచి ఉత్తర ఇంగ్లండుకు వలస వచ్చిన నేత కార్మికుల వెంట వచ్చిన చిన్న టెరియర్లు. మిల్లుల్లో ఎలుకలు పట్టడం వాటి పని. ఆ వేట బుద్ధి ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పొదలో ఏదైనా కదిలినా, ఉడుత పరుగెత్తినా, మన పిలుపు దాని చెవికెక్కదు; ఉన్న బలమంతా కూడదీసుకుని ముందుకు దూకుతుంది. తనకన్నా ఎన్నో రెట్లు పెద్ద కుక్క ఎదురైనా వెనుకంజ వేయదు. ఆ దూకుడుకు మెడలోని కాలర్ అడ్డుపడితే భారమంతా గొంతు మీద పడుతుంది. శ్వాసనాళాన్ని తెరిచి ఉంచే మృదులాస్థి వలయాలు బలహీనపడి, నాళం చదునుగా అణగిపోయే జబ్బు ఈ జాతిలో తరచుగా కనిపిస్తుంది. కాలర్ ఆ జబ్బును పుట్టించకపోయినా, ఉన్న జబ్బును తప్పకుండా రేపుతుంది.

ఈ విషయంలో హార్నెస్ తన పని చక్కగా చేస్తోంది. కుక్క లాగినప్పుడు ఒత్తిడి రొమ్ము ఎముక మీద పడుతోంది, గొంతు ఖాళీగా ఉంటోంది, భుజాల కదలికకు అడ్డు లేదు. రొమ్ముకు అడ్డంగా ఒకే పట్టీ ఉండే రకాలలో, కుక్క తల వంచి నేల వాసన చూసేటప్పుడు ఆ పట్టీ పైకి జారి గొంతుకు తగులుతుంది. వాసన చూడకుండా నాలుగు అడుగులు వేయని టెరియర్‌కు అది చిన్న లోపం కాదు. రొమ్ము మీది రింగుకు లీష్ (కుక్కను పట్టుకుని నడిపించే తాడు) తగిలిస్తే, లాగిన కుక్క మన వైపు తిరుగుతుందన్నది నిజమే అయినా, ఇంత చిన్న కుక్క ముందుకాళ్లకు లీష్ చిక్కుకుంటోంది కాబట్టి వీపు మీది రింగునే నేను ఎంచుకుంటాను. దానివల్ల లాగే అలవాటు తగ్గదు. లాగిన వెంటనే మనం ఆగిపోవడం, లీష్ వదులైనప్పుడే మళ్లీ నడవడం వంటి ఓపికైన శిక్షణే ఆ అలవాటును మాన్పిస్తుంది.

నాకు నచ్చనిది మెడ దగ్గరి వెల్‌క్రో. యార్కీకి లోపలి మెత్తని ఉన్ని పొర ఉండదు. పట్టులాంటి ఒంటిపొర జుట్టు మనుషుల జుట్టులా పెరుగుతూనే ఉంటుంది. ఆ జుట్టు వెల్‌క్రోలో ఇరుక్కుంటే, విప్పిన ప్రతిసారీ నాలుగు వెంట్రుకలు ఊడివస్తాయి, కుక్కకు నొప్పి కలుగుతుంది. ఒకసారి నొప్పించిన వస్తువును ఈ జాతి సులభంగా మరచిపోదు. మరుసటి రోజు హార్నెస్ చేతిలో కనిపించగానే మంచం కింద దూరుతుంది. అందువల్ల బకిల్ మాత్రమే ఉన్న రకం దొరికితే దాన్నే తీసుకోవడం మేలు. చంకల కింద పట్టీ రాసుకునే చోట జుట్టు ఉండలు కట్టడం ఏ హార్నెస్‌తోనూ పూర్తిగా తప్పదు. నడక నుంచి రాగానే హార్నెస్ విప్పి, ఆ చోటును కొద్దిగా తడిపి, చివరల నుంచి మొదళ్ల వైపుగా దువ్వాలి. జుట్టు పొట్టిగా కత్తిరించిన కుక్కలకు ఈ ఇబ్బంది తక్కువ.

కొలత విషయంలో తొందర పనికిరాదు. ముందుకాళ్ల వెనుక, ఛాతీ బాగా వెడల్పుగా ఉన్న చోట టేపుతో కొలవాలి. బిగించాక పట్టీ కింద రెండు వేళ్లు దూరితే చాలు. అంతకన్నా వదులైతే, భయపడిన యార్కీ వెనక్కి నడిచి అందులోంచి క్షణంలో జారిపోగలదు. ఈ హార్నెస్ పట్టీలు రోజూ వాడేకొద్దీ మెల్లగా సడలుతాయి కనుక, బయటికి వెళ్లే ముందు ప్రతిసారీ ఒకసారి సరిచూసుకోవాలి.

ఇప్పటికే బాతు అరుపులాంటి పొడి దగ్గు వస్తున్న కుక్కకు హార్నెస్ కొని ఊరుకోకుండా పశువైద్యునికి చూపించాలి. దాని బరువు పెరగకుండా కూడా చూసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న యార్కీకి మాత్రం, వెల్‌క్రో లోపాన్ని గమనంలో ఉంచుకుని, దీన్ని కొనవచ్చునని నిస్సంకోచంగా చెబుతాను.