పోర్టో వెళ్తే పాత వింటేజ్ పోర్ట్ వైన్ ఒక్క గ్లాసు చాలు, కానీ మడ్డి తేర్చి పోసే చోట

పోర్చుగల్‌లోని పోర్టోలో మూడు రోజులున్నాం, నేనూ మా ఆవిడా. ఊరు డోరో నదికి ఒక ఒడ్డున ఉంటే, పోర్ట్ వైన్ గోదాములు చాలావరకు ఎదుటి ఒడ్డున విలా నోవా ద గాయాలో ఉంటాయి. మేం ఊరివైపు రిబేరాలో గది తీసుకున్నాం. కిటికీ తెరిస్తే నదే, కానీ రాత్రి ఒంటిగంట దాకా కింద ఒకటే గోల. మళ్లీ వెళ్తే గాయాలోనే దిగుతాను.

మొదట ఓ పెద్ద గోదాముకి టూర్ వెళ్లాం. వివరాలు బాగానే చెప్పారు: పులుస్తున్న ద్రాక్షరసంలో 77 శాతం ఆల్కహాల్ ఉన్న స్పిరిట్ కలిపి పులియడం ఆపేస్తారు, అందుకే తీపి మిగిలిపోతుంది. టానీ రకం ఏళ్ల తరబడి పీపాలోనే ముదురుతుంది, వింటేజ్, అంటే ఒకే మంచి ఏడాది పంటతో చేసిన రకం, మాత్రం రెండు మూడేళ్లలో సీసాకెక్కి, మిగతా వయసంతా అందులోనే గడుపుతుంది. చివర్లో అదనంగా డబ్బు కట్టి పాత వింటేజ్ అడిగితే అప్పుడే తెరిచి, సీసా వంచి నేరుగా గ్లాసులో పోసేశారు. అంతా మడ్డి, నాలుకకి ఇసుకలా తగిలింది. వింటేజ్‌ని వడగట్టకుండా సీసాకెత్తుతారు కాబట్టి అడుగున మడ్డి చేరడం సహజం, తేర్చకపోవడమే తప్పు. అడిగితే పాతది అలాగే ఉంటుందన్నారు. అన్నేళ్లు ఆగిన వైన్‌ని అలా పాడుచేస్తే ప్రాణం ఉసూరుమంది.

మర్నాడు గాయాలోనే, కొండ ఎక్కే సందులో ఓ చిన్న బార్. 1985 వింటేజ్ ఉందన్నారు, పంట బాగుందని పేరున్న కంపెనీలు చాలావరకు వింటేజ్ ప్రకటించిన సంవత్సరం అది. సీసాని ముందురోజే నిలబెట్టి ఉంచారట. పాత బిరడా స్క్రూకి పొడి పొడి అయిపోతుందని, ఆ పెద్దాయన పటకారు ఎర్రగా కాల్చి సీసా మెడకి కాసేపు పట్టుకుని, తీసేసి తడిగుడ్డ చుట్టారు, టక్కున మెడ విరిగి బిరడాతో సహా చేతిలోకి వచ్చింది. తర్వాత మెడ వెనక కొవ్వొత్తి పెట్టుకుని, మడ్డి గీత కనిపించేదాకా మెల్లగా జాడీలోకి వంచి, కనిపించగానే ఆపేశారు. అరగంట ఆగమన్నారు.

ఆ అరగంట తప్పకుండా ఆగండి. పోయగానే వాసన చూస్తే స్పిరిట్ ఘాటు తప్ప ఏమీ తెలియలేదు, ఆగాక ఎండు అంజీర్, చుట్ట పొగాకు, ఇంకా కొంచెం సేపటికి పాతబెల్లం పాకం. రంగు అంచున ఇటుక ఎరుపు, మధ్యలో దానిమ్మ గింజ. తీపి ఉంది కానీ మొహం మొత్తదు, వగరు పూర్తిగా మెత్తబడిపోయి ఎక్కడో వక్కలా మాత్రమే తగులుతుంది. గొంతు దిగాక కాస్త మంట, అదొక్కటే లోటనిపించింది. గ్లాసు 28 యూరోలు. ముందురోజు టూర్, గ్లాసు కలిపి ఇంతకన్నా ఎక్కువే అయింది.

మా ఆవిడ తన గ్లాసు చివరి గుక్కని గంటన్నర దాచుకుంది, అదే అన్నిటికన్నా బాగుందంది. ఇంటికి మాత్రం 20 ఏళ్ల టానీ తెచ్చుకున్నాం. పాత వింటేజ్ తెరిస్తే ఒకట్రెండు రోజుల్లో అయిపోవాలి, టానీ అయితే ఫ్రిజ్‌లో కొన్ని వారాలు నిలుస్తుంది, మేం తాగేది ఇద్దరమే కదా.