రేంజ్‌ఫైండర్ లెన్స్‌కి మూలల్లో మసక: లెన్స్ ముందు ఫిల్టరా, సెన్సార్ గ్లాసు మార్పించడమా, అసలు బాడీయే మార్చడమా?

ఈ మధ్య నెలకి ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతున్నారు. అందరిదీ ఒకటే కథ. సోనీ ఏ7 బాడీ ఒకటి ఇంట్లో ఉంటుంది, సెకండ్ హ్యాండ్‌లో లైకా ఎమ్ లాంటి రేంజ్‌ఫైండర్ కెమెరాలకి చేసిన ఏ జైస్ జెడ్ఎమ్ 35 ఎంఎం బయోగానో, వోయిట్లాండర్‌దో కాస్త మంచి రేటుకి దొరుకుతుంది, ఓ చవక అడాప్టర్ తగిలించి మొదటి ఫోటో తీస్తారు, మధ్యలో జూమ్ చేస్తే అదిరిపోయి ఉంటుంది, మూలకి జరిపితే రంగులు తడిసి కారిపోయినట్టు ఉంటుంది. "లెన్స్ పోయిందంటావా అన్నా?" అని మెసేజ్. లెన్స్‌కి ఏమీ కాలేదు. అదే లెన్స్ లైకా మీదో ఫిల్మ్ బాడీ మీదో పెడితే శుభ్రంగా ఉంటుంది.

నాకు ఇది తెలిసొచ్చింది మా తమ్ముడి గృహప్రవేశంలో. అందర్నీ వరసగా నిలబెట్టి 35తో ఎఫ్4లో (ఈ ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది) తీశా. మధ్యలో మా అమ్మ పట్టుచీర జరీ పోగులు కనిపిస్తున్నాయి, ఎడమ చివర బాబాయి మొహం మాత్రం మైనం కరిగినట్టుంది. చెయ్యి కదిలిందేమో అనుకున్నా కానీ బాబాయి వెనక పది పన్నెండు అడుగుల దూరంలో ఉన్న కొబ్బరి మొక్క ఈనెలు లెక్కపెట్టుకోవచ్చు. అంటే ఫోకస్ ఎక్కడికీ పోలేదు, చివరలకి వచ్చేసరికి వెనక్కి వంగిపోయింది. దానికో నాటు వైద్యం కూడా ఉందండోయ్, మామూలుగా గ్రూప్ ఫోటోలో చివర ఉన్నవాళ్ళని కొంచెం ముందుకి రమ్మంటాం కదా, ఈ కాంబినేషన్‌లో వాళ్ళని రెండడుగులు వెనక్కి వెళ్ళమనాలి. పెద్దవాళ్ళకి అది చెప్పి చూడండి ఏమంటారో.

ఫోకస్ ఇలా చివరల్లో వంగిపోవడాన్నే ఫీల్డ్ కర్వేచర్ అంటారు, ఎంత తేడా అన్నది ఒక్కసారి లెక్క వేసి చూస్తే ఆ తర్వాత చెప్పేదంతా దాంట్లోనే ఉంది. సెన్సార్ ముందు ఉండే గ్లాసు సోనీ ఏ7లో దాదాపు 2 ఎంఎం, నికాన్ జెడ్‌లో 1.1 దాకా, డిజిటల్ లైకా ఎమ్‌లో 0.8, ఫిల్మ్‌కి సున్నా. నిటారుగా వచ్చే కిరణాన్ని కూడా ఈ గ్లాసు కొంచెం వెనక్కి నెడుతుంది, అది మనం ఫోకస్ తిప్పి సర్దుకుంటాం, గొడవ లేదు. వాలుగా వచ్చే కిరణాన్ని ఇంకొంచెం ఎక్కువ నెడుతుంది, గొడవంతా అక్కడే. రేంజ్‌ఫైండర్ వైడ్ లెన్స్ వెనక అద్దం సెన్సార్‌కి బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి మూలలకి వెలుతురు బాగా వాలి వస్తుంది. ఓ 40 డిగ్రీలు అనుకుందాం. మధ్యకీ మూలకీ ఫోకస్ తేడా సోనీలో 0.2 ఎంఎం వస్తుంది, జెడ్‌లో 0.11, లైకాలో 0.08. ఇదేదో వెంట్రుక మందం గొడవ అనుకోకండి. ఎఫ్4లో 0.2 అంటే ఒక చుక్క 50 మైక్రాన్ల మచ్చ అవుతుంది, 24 మెగాపిక్సెల్ సెన్సార్‌లో పిక్సెల్ 6 మైక్రాన్లు. అంటే ఎనిమిది పిక్సెళ్ళ మీద పాకిన మచ్చ. ఎఫ్8కి మూసినా ఇంకా నాలుగు పిక్సెళ్ళు. "ఎఫ్8లో పెట్టేయ్ బాసూ" అనేవాళ్ళకి ఇదే నా సమాధానం, తగ్గుతుంది కానీ పోదు, పైగా ఎఫ్2 లెన్స్‌కి డబ్బు పెట్టింది ఎఫ్8లో తీయడానికా.

సాఫ్ట్‌వేర్‌తో సరిచేసుకోవచ్చా అని కూడా అడుగుతున్నారు. అవ్వదు. మూలల్లో గులాబీ రంగు వస్తే దాన్ని ఫ్లాట్ ఫీల్డ్‌తో (ఖాళీ తెల్లటి ఫోటో ఒకటి తీసి దాంతో రంగు తేడా సరిచేయడం) తీసేయొచ్చు, మసకని తీయలేం. 2015లో ఏ7ఆర్2 బ్యాక్ ఇల్యూమినేటెడ్ (వైర్లు వెలుతురు పట్టే భాగానికి వెనక ఉండే) సెన్సార్‌తో వచ్చాక ఆ రంగు గొడవ చాలావరకు తగ్గింది, దాంతో చాలామంది సమస్యే తీరిపోయిందనుకున్నారు, కానీ ముందున్న గ్లాసు అలాగే ఉంది కదా. ట్రైపాడ్ మీద మధ్యకొకటి మూలకొకటి ఫోకస్ చేసి రెండూ కలపొచ్చు, కదలని కొండకి పనికొస్తుంది. సెన్సార్ మధ్య భాగాన్నే వాడే క్రాప్ మోడ్‌లో పెడితే మూలలే ఉండవు, 35 కాస్తా 52 అవుతుంది, సరే.

ఇక అసలు దారుల సంగతి. ఇంకా లెన్స్ కొనలేదా? అయితే అడాప్టర్ జోలికే పోకండి, సోనీ మౌంట్‌కే చేసినవి తీసుకోండి. జైస్ 2014లో తెచ్చిన లోక్సియా 35 ఎఫ్2 ఆ జెడ్ఎమ్ బయోగాన్ వంశమే, సోనీ గ్లాసుని లెక్కలో పెట్టుకుని మళ్ళీ సర్దారు. వోయిట్లాండర్ వాళ్ళ సోనీ మౌంట్ లెన్సులూ అంతే. లైకా ఎమ్ మౌంట్‌లోనే కావాలంటే 2015లో వచ్చిన వోయిట్లాండర్ 15 ఎఫ్4.5 మూడో వెర్షన్ లాంటివి చూడండి, దాన్ని డిజిటల్ కోసమనే తిరగరాశారు, మొదటి రెండు వెర్షన్లూ సోనీ మీద పెట్టి ఏడ్చినవాళ్ళు దీనితో నవ్వారు. 50, అంతకన్నా పొడుగు లెన్సులున్నవాళ్ళు అసలు ఇదంతా చదవక్కర్లేదు, వాటిలో చాలావాటికి కిరణాలు అంత వాలి రావు.

లెన్స్ చేతిలో ఉన్నవాళ్ళకి మూడు దారులు.

మొదటిది సెన్సార్ గ్లాసు మార్పించడం. అమెరికాలో కొలారి విజన్ వాళ్ళు ఏ7 బాడీల్లో అసలు గ్లాసు తీసి పల్చటిది వేస్తారు. రోగానికి మూలం గ్లాసు, దాన్నే మార్చేస్తున్నారు, సిద్ధాంతంగా ఇంతకన్నా సరైన మందు లేదు, మీ దగ్గరున్న రేంజ్‌ఫైండర్ లెన్సులన్నీ ఒక్క దెబ్బకి మెరుగవుతాయి. మరి నేనెందుకు వద్దంటున్నానంటే, సోనీ సొంత లెన్సులు ఆ 2 ఎంఎం గ్లాసు ఉంటుందనే నమ్మకంతో గీసినవి. గ్లాసు పల్చనైతే వాటి ఫోకస్ ఇటువైపు వంగుతుంది. నన్ను అడిగేవాళ్ళలో సగం మంది పెళ్ళిళ్ళు తీసేవాళ్ళు. ముహూర్తం రోజు వాళ్ళకి అన్నం పెట్టేది ఆటోఫోకస్ 24-70, ఆదివారం సరదా కోసం 35 బయోగాన్. సరదా కోసం అన్నం పెట్టే లెన్స్ మూలలు పాడుచేసుకుంటారా? నా లెక్కలో తేల్చేసే పాయింట్ ఇదే, ఆ బాడీ మీద ఇంకేం పెడతారు అన్నది. మూలల షార్ప్‌నెస్ చార్టులు తర్వాత చూసుకోవచ్చు. రెండో బాడీ ఉండి, అది పూర్తిగా పాత లెన్సులకే అంకితం అంటే అప్పుడు చేయించుకోండి, వారంటీ ఎలాగూ పోతుంది, పంపడం తెప్పించడం కస్టమ్స్ ఓపిక మీది.

గ్లాసు పల్చనవడం ఉత్తి లాభం కాదని లైకాకే అనుభవమైంది. 2006లో ఎమ్8లో 0.5 ఎంఎం గ్లాసే పెట్టారు, మూలలు బాగానే వచ్చాయి గానీ ఇన్‌ఫ్రారెడ్ లోపలికి దూరి నల్ల కోట్లు వంకాయ రంగులోకి దిగాయి. కొన్నవాళ్ళకి లెన్స్ ముందు పెట్టుకునే ఫిల్టర్లు లైకానే ఉచితంగా ఇవ్వాల్సొచ్చింది. 2009 ఎమ్9కి 0.8కి వచ్చారు.

రెండోది బాడీ మార్చడం. నికాన్ జెడ్6 సెకండ్ హ్యాండ్‌లో ఇప్పుడు అందుబాటులోకి వచ్చింది, సోనీకన్నా గ్లాసు పల్చన, మౌంట్ నుంచి సెన్సార్‌కి దూరం 16 ఎంఎమ్మే కాబట్టి ఎమ్ అడాప్టర్‌కి బోలెడు చోటు, టెకార్ట్ వాళ్ళ ఆటోఫోకస్ అడాప్టర్ దీనికీ ఉంది. పైన చెప్పిన మచ్చ 50 నుంచి 28 మైక్రాన్లకి దిగుతుంది. అంటే దాదాపు సగం, మాయం కాదు. బాగా సిమెట్రికల్‌గా (ముందూ వెనకా అద్దాలు ఒకేలా) ఉండే 21 లాంటివి ఇక్కడా మొరాయిస్తాయి. మూడు నాలుగు వైడ్ లెన్సులున్నవాళ్ళకి మాత్రం ఇదే న్యాయంగా తోస్తుంది. లైకా బాడీ గురించి ఏం చెప్తాం, అది కొనగలిగితే ఈ ప్రశ్నే రాదు.

మూడోది నేను చేసింది. లెన్స్ ముందు చాలా బలహీనమైన ప్లానో కాన్వెక్స్ (ఒకవైపు చదును, ఇంకోవైపు ఉబ్బు) అద్దం, 5 మీటర్ల ఫోకల్ లెంత్‌ది. ఆప్టోసిగ్మా లాంటి ల్యాబ్ అద్దాల కంపెనీలు అమ్ముతాయి. గ్లాసు ఫోకస్‌ని అటు వంచితే ఇది ఇటు వంచుతుంది. పాత యూవీ ఫిల్టర్ ఒకటి తీసుకుని దాని అద్దం ఊడదీసి ఆ రింగులో దీన్ని కూర్చోబెట్టా, బయోగాన్‌కి 43 ఎంఎం ఫిల్టర్ మర కాబట్టి దాన్ని 52కి పెంచే స్టెప్ అప్ రింగ్ వేశా. ఉబ్బు ఎటువైపు ఉండాలన్నది రెండు రకాలుగా పెట్టి ఒక్కో ఫోటో తీసుకుని తేల్చుకోండి.

పెట్టా, చూశా, ఏ దూరపు వస్తువూ ఫోకస్ అవ్వట్లేదు! మేడ మీంచి ఎదురింటి ట్యాంకు కూడా మసకే. తిట్టుకుంటూ తీసి పక్కన పడేశా, రెండు వారాల తర్వాత గానీ బుర్రకి ఎక్కలేదు. 5 మీటర్ల అద్దం అంటే ఇన్ఫినిటీలో (చిట్టచివరి దూరంలో) ఉన్న లెన్స్ ఇప్పుడు 5 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. మళ్ళీ ఇన్ఫినిటీ అందాలంటే 35 లెన్స్ పావు ఎంఎం వెనక్కి జరగాలి. అది జరగాలంటే అడాప్టర్ అంత పొట్టిగా ఉండాలి, అసలు కొలత 9.8 ఎంఎం అయితే 9.55. నా దగ్గరున్నది ఖరీదైన అడాప్టర్, కొలత గీత గీసినట్టు కరెక్ట్, అదే దాని తప్పయింది. డ్రాయర్ అడుగున పడున్న చవక అడాప్టర్ తీసి పెడితే ఠక్కున అందింది, చవకవి చాలావరకు కావాలనే కాస్త పొట్టిగా చేస్తారు. 28కి అయితే 0.16 చాలు, 50కి అర ఎంఎం కావాలి. ఇది చెప్పకపోవడం వల్లే చాలామంది ఫిల్టర్ పనికిరాదని వదిలేస్తున్నారు. బజార్లో దొరికే ప్లస్ 1 క్లోజప్ ఫిల్టర్‌తో సరిపెడదాం అనుకోకండి, దానికి 35 మీద 1.2 ఎంఎం కావాలి, ఏ అడాప్టరూ అంత ఇవ్వదు.

పని చేసిందో లేదో చూడ్డానికి గోడలు ఫోటో తీయకండి, గడ్డి తీయండి. మా కాలనీ పార్కులో కెమెరా కొంచెం కిందికి వంచి ఎఫ్2లో నాలుగు మీటర్ల దగ్గర ఫోకస్ చేశా. ఫిల్టర్ లేకుండా గడ్డిలో షార్ప్‌గా ఉన్న పట్టీ నవ్వుతున్న మూతిలా రెండు చివర్లూ పైకి లేచి ఉంది. ఫిల్టర్‌తో ఆ నవ్వు దాదాపు పోయి సాపుగా అయింది. దాదాపు అనే అంటున్నా, చిట్టచివరి మూలల్లో ఆస్టిగ్మాటిజం మిగిలింది, ఆకులు ఒకవైపుకి సాగినట్టుంటాయి, అది ఫిల్టర్ వల్ల పోదు. ఇంకో తలనొప్పి రాత్రి వీధి దీపాలు, నా అద్దానికి కోటింగ్ లేదు, ఒక్కో దీపానికి దయ్యంలాంటి ప్రతిబింబం ఒకటి వస్తుంది, చీకటి పడితే తీసేస్తున్నా. లెన్స్ మీది దూరం అంకెలు కూడా అబద్ధం చెప్తాయి, ఆ అంకెలు చూసి ముందే ఫోకస్ పెట్టుకునే జోన్ ఫోకస్ వాళ్ళు చూసుకోండి.

అయినా నా ఓటు దీనికే. ఒకటి రెండు లెన్సులున్నవాళ్ళు ముందు ఇది చేసి చూడండి, నచ్చకపోతే మర తిప్పి తీసేస్తే బాడీ బాడీలాగే ఉంటుంది, సోమవారం 24-70 పెట్టి పనికి పోవచ్చు. నాకు ప్రస్తుతం ఉన్న ఇబ్బందల్లా స్టెప్ అప్ రింగ్ వల్ల జైస్ క్యాప్ పట్టట్లేదు, 52ది ఒకటి కొనాలి.