దక్షిణాఫ్రికా థుథుజెలా కేంద్రాలు: ఒక రాత్రి దగ్గరుండి చూసిన సేవ

అత్యాచారానికి గురైన స్త్రీ ఆ రాత్రి ఎన్ని గడపలు తొక్కవలసి వచ్చింది, జరిగినదాన్ని ఎంతమంది ముందు మళ్లీ మళ్లీ చెప్పుకోవలసి వచ్చింది అన్నదాన్నిబట్టే ఆమెకు అందిన సేవ మంచిచెడ్డలను తేల్చాలని నా అభిప్రాయం. ఆ లెక్కన చూస్తే దక్షిణాఫ్రికాలోని థుథుజెలా కేంద్రాలు నాకు తెలిసిన ప్రభుత్వ సేవలన్నిటిలోకీ మేలైనవి. అయితే ఆ కేంద్రం తలుపు దాటి కేసు బయటికి వెళ్లాక ఏమవుతుందో కూడా చెప్పకపోతే చదివేవారికి అన్యాయం చేసినట్టే.

అక్కడి భాషల్లో ఒకటైన ఖోసాలో థుథుజెలా అంటే ఓదార్చడం. ఆ దేశపు జాతీయ ప్రాసిక్యూషన్ సంస్థలో లైంగిక నేరాల కోసం ఏర్పడిన ప్రత్యేక విభాగం వీటిని నడుపుతుంది. మొదటి కేంద్రం 2000లో కేప్‌టౌన్ శివారు మానెన్‌బర్గ్‌లోని జి.ఎఫ్. యూస్ట్ ఆసుపత్రిలో మొదలైంది. ఇప్పుడు దేశమంతటా 60కి పైగా ఉన్నాయి, చాలావరకు ప్రభుత్వ ఆసుపత్రుల ఆవరణల్లోనే. అంతకుముందు బాధితురాలు స్టేషన్ కౌంటర్ దగ్గర నలుగురి ముందు ఫిర్యాదు చెప్పి, అక్కడినుంచి డాక్టరు దగ్గరికి, తరువాత దర్యాప్తు అధికారి దగ్గరికి, చివరికి ప్రాసిక్యూటర్ దగ్గరికి తిరుగుతూ, వెళ్లిన ప్రతిచోటా కథ మొదటినుంచి చెప్పుకోవలసి వచ్చేది. వీళ్లందరినీ ఆమె ఉన్నచోటికే రప్పించడం ఈ కేంద్రాల ఉద్దేశం.

నేను కేప్‌టౌన్‌లో ఉంటున్నాను. నాతో పనిచేసే ఒక అమ్మాయికి తోడుగా అటువంటి ఒక కేంద్రానికి వెళ్లాను, ఆమె ఒప్పుకున్నమేరకే ఇది రాస్తున్నాను. ముందుగా మేము వెళ్లిన పోలీస్ స్టేషన్‌లో కౌంటర్ వెనుక ఉన్నాయన తల ఎత్తకుండానే, వరుసలో నిలబడినవాళ్లంతా వినేలా, ఏం జరిగిందో చెప్పమన్నాడు. ఆమె నోట మాట రాలేదు. అక్కడ అరగంట నిలబడి, ఇక మేమే నేరుగా కేంద్రానికి బయలుదేరాము. అలా వెళ్లడం తప్పేమీ కాదని, 2007 నాటి లైంగిక నేరాల చట్టం ప్రకారం పోలీసు కేసు పెట్టకపోయినా హెచ్‌ఐవి నివారణ మందులు పొందే హక్కు ఆమెకు ఉందని మాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది. ఆ సంగతి చాలామందికి తెలియదు.

కేంద్రానికి విడిగా పక్క ద్వారం ఉంది, క్యాజువాల్టీ జనం మధ్యనుంచి నడవనక్కరలేదు. నర్సు ఆమెను "సిసీ" అని పిలిచింది. మనం చెల్లెమ్మా అన్నట్టే. ఏ పరీక్ష ఎందుకో, ఏది వద్దనవచ్చో ముందుగా చెప్పి, ప్రతిదానికీ ఆమె సరేనన్నాకే మొదలుపెట్టారు. ఒంటిమీది బట్టలను ఒక్కొక్కటిగా కాగితపు సంచుల్లో పెట్టారు. ప్లాస్టిక్ కవరులో తడి నిలిచి బూజు పడితే డిఎన్‌ఏ చెడిపోతుందట. హెచ్‌ఐవి రాకుండా వాడే మాత్రలు 72 గంటలలోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలని చెప్పి తొలి మోతాదు అక్కడే మింగించారు. గర్భం రాకుండా మాత్ర, సుఖవ్యాధులకు మందులు కూడా ఇచ్చారు.

పరీక్ష ముగిశాక ఆమె చేతికి ఒక చిన్న గుడ్డసంచి ఇచ్చారు. అందులో సబ్బు, టూత్‌బ్రష్, కొత్త లోదుస్తులు. పక్కనే వేడినీళ్ల స్నానాలగది. ఆమె లోపలికి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. బయట నర్సు ఉంది, నేనున్నాను, వాంగ్మూలం తీసుకోవడానికి వచ్చిన దర్యాప్తు అధికారిణి కూడా ఎదురుచూస్తోంది. ఎవరూ తలుపు తట్టలేదు. స్నానం చేస్తే ఆధారాలు పోతాయని అప్పటిదాకా ఆపి ఉంచిన మనిషికి, ఆ పని అయిన మరుక్షణం ఆ నీళ్లూ ఆ తలుపూ ఆమెవేనని అప్పగించిన ఈ ఏర్పాటును ఆలోచించినవారెవరో స్త్రీల బాధ ఎరిగినవారై ఉండాలి. వాంగ్మూలం ఆ తరువాతే తీసుకున్నారు, ఆ తరువాత ఇంటిదాకా దిగబెట్టారు. పదిరోజులకు నర్సు ఫోన్ చేసి వికారంగా ఉందా, మాత్రలు మానేశావా అని అడిగింది. ఉంది, మానేద్దామనుకుంటున్నాను అంది ఆమె. ఆ ఫోన్ రాకపోతే నిజంగానే మానేసేది.

ఇక లోపాల సంగతి. ఈ కేంద్రాల ద్వారా వచ్చి విచారణ పూర్తయిన కేసుల్లో 70 శాతానికి పైగా శిక్షలు పడుతున్నాయని ప్రాసిక్యూషన్ సంస్థ చెబుతుంది. ఆ అంకెను గౌరవిస్తాను, కానీ అది కోర్టుదాకా చేరిన కేసుల లెక్క. పోలీసుల రికార్డుల్లోకి ఏటా 40 వేలకు పైగా అత్యాచారాలు ఎక్కుతున్న దేశంలో విచారణ దాకా వెళ్లేవి కొన్నే. నర్సు అంత శ్రద్ధగా కాగితపు సంచిలో దాచినవన్నీ ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్లి వరుసలో నిలబడతాయి. 2021 మొదట్లో ఆ వరుసలో లక్షా 70 వేలకు పైగా డిఎన్‌ఏ నమూనాలు ఉన్నాయని పోలీసు మంత్రే పార్లమెంటుకు చెప్పారు. ఫలితం రాలేదని వాయిదాల మీద వాయిదాలు పడుతుంటే నిందితుడు అదే వీధిలో తిరుగుతుంటాడు.

కేంద్రాలన్నీ రాత్రంతా తెరిచి ఉండవు. పల్లెల్లో ఉన్నవారికి దగ్గరి కేంద్రానికి చేరడానికే బస్సు ఛార్జీలు అప్పు చేయవలసి వస్తుంది. కౌన్సెలర్లలో చాలామంది స్వచ్ఛంద సంస్థల మనుషులు, వాళ్ల జీతాలు విదేశీ నిధుల మీద ఆధారపడి ఉంటాయి కనుక నిధులు ఆగితే ఆ కుర్చీ ఖాళీ అవుతుంది. డాక్టరుకు, పోలీసుకు సర్కారు జీతమిచ్చి, ఓదార్చే మనిషిని మాత్రం దాత దయ మీద వదిలేయడం నాకు మింగుడుపడదు.

కేంద్రం ఎంత బాగున్నా తీర్చలేనిది మరొకటి ఉంది. హింసకు పాల్పడినవాడు చాలాసార్లు ఇంటివాడో తెలిసినవాడో అవుతాడు. అద్దె కట్టేది అతనే అయితే కారులో దిగబెట్టేది ఆ ఇంటికే. 1998 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు దొరుకుతుంది కానీ, పిల్లలతో వేరే గది తీసుకునే డబ్బు దొరకదు. 2024లో వెలువడిన జాతీయ సర్వేలో వయోజన స్త్రీలలో సుమారు మూడోవంతు మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక హింసకు గురైనట్టు తేలింది. 2019 ఆగస్టులో ఉయినెనె ఎమ్‌ర్వెట్యానా అనే విశ్వవిద్యాలయ విద్యార్థిని పార్సిల్ కోసం పోస్టాఫీసుకు వెళ్లి అక్కడి ఉద్యోగి చేతిలో అత్యాచారానికి, హత్యకు గురైంది. పట్టపగలు ప్రభుత్వ కార్యాలయంలో జరిగిన ఆ ఘోరం తరువాత స్త్రీలు పార్లమెంటు ముందు వేలాదిగా నిలబడ్డారు.

భారత ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన పథకం కింద మన రెండు తెలుగు రాష్ట్రాల్లో నడుస్తున్న సఖి కేంద్రాల వెనుకా ఇదే ఆలోచన ఉంది. వాటిలో పనిచేసేవారు ఎవరైనా ఇది చదివితే, ఆ గుడ్డసంచిని, పదోనాటి ఫోన్‌ను గుర్తుపెట్టుకోమని కోరుతున్నాను. రెండింటికీ అయ్యే ఖర్చు ఏమంత పెద్దది కాదు.

దక్షిణాఫ్రికాలో ఉంటున్న తెలుగువారికి ఒక మాట. అవసరం పడితే ఒళ్లు కడుక్కోకుండా, బట్టలు మార్చవలసి వస్తే విప్పినవి కాగితపు సంచిలో పెట్టుకుని, 72 గంటలలోపు, వీలైతే కొన్ని గంటల్లోనే వెళ్లండి. దగ్గరి కేంద్రం తెలియకపోతే 0800 428 428కు ఫోన్ చేయండి, రాత్రీ పగలూ ఉచితంగా పలుకుతుంది. నా సహోద్యోగిని కేసులో ల్యాబ్ ఫలితం ఇంకా రాలేదు.