బోరు పాయింట్‌కు సీస్మిక్ సర్వే: చండూరు దగ్గర మా అనుభవం

చండూరు దగ్గర మాకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. కొబ్బరికాయ పట్టి చూపించిన చోట వేసిన రెండు బోర్లలోనూ నీళ్లు పడక దుమ్మే లేచింది. చౌటుప్పల్‌లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు ప్రయోగాల కోసం వేసిన బోర్ల గురించి విన్నాక, మూడో బోరుకు అప్పు చేసేముందు హైదరాబాద్ నుంచి ఒక సీస్మిక్ సర్వే (నేల అదురును బట్టి రాయి ఎంత లోతున ఉందో చూసే పద్ధతి) టీమ్‌ను పిలిపించాను. ఐదుకు నాలుగున్నర ఇస్తాను.

ఇద్దరే వచ్చారు. గట్టు వెంట రెండు మీటర్లకొకటి చొప్పున 24 జియోఫోన్లు (నేల అదురును పట్టే పరికరాలు) ఎర్రమట్టిలో గుచ్చి, ఇనుప పలక మీద సమ్మెటతో కొట్టారు. కింద రాయికి తగిలి తిరిగొచ్చే అదురు ల్యాప్‌టాప్‌లో గీతలుగా పడుతోంది.

"ఇంక లోతు తెలిసినట్టేగా తమ్ముడూ" అన్నాను వాళ్లలో ఒకతనితో.

"లేదన్నా, టైమే తెలిసింది. వేగం కూడా తెలియాలి" అని నా నోట్‌బుక్‌లోనే లెక్క వేశాడు. పోయి రావడానికి 40 మిల్లీసెకన్లు పట్టిందనుకుందాం. పై పొరలో వేగం సెకనుకు 1,000 మీటర్లయితే రాయి 20 మీటర్ల లోతున ఉన్నట్టు, 1,500 అయితే 30 మీటర్ల లోతున. టైమ్ ఒకటే, జవాబులు రెండు.

దీన్ని తేల్చేది దూరపు జియోఫోన్. దెబ్బ కొట్టిన చోటుకు 24 మీటర్ల అవతల ఉన్నదానికి మొదటి లెక్కలో 47, రెండో లెక్కలో 43 మిల్లీసెకన్లకు అందాలి. ఆ నాలుగు మిల్లీసెకన్ల కోసం మధ్యాహ్నమంతా ఎండలో కష్టపడ్డారు. పక్క చేను మోటారు అదురుకు గీతలు చెదురుతుంటే మా చిన్నాయనను బతిమాలి స్టార్టర్ ఆపించారు. ట్రాక్టర్ పోతే ఆ దెబ్బ తీసేసి మళ్లీ కొట్టారు.

రిపోర్టులో రాయి లోతును ఒక్క అంకెగా కాకుండా "60 నుంచి 75 అడుగులు" అని రాయడం నాకు చాలా నచ్చింది. మొదట 50 నుంచి 90 వచ్చిందట. చిన్నాయన బోరుకు కేసింగ్ (గట్టి రాయి తగిలేదాకా దించే పైపు) 66 అడుగులు దిగిందని చెప్పాక, దాని పక్కనే కొట్టి, వేగం సరిచూసుకుని తగ్గించారు. మా బోరుకు కేసింగ్ 70 అడుగులు దిగింది!

నీళ్లకు గ్యారంటీ లేదని ముందే చెప్పారు. మెత్తబడిన రాయి మందంగా ఉన్నచోట నీళ్లు నిలిచే అవకాశం ఎక్కువని అక్కడ పాయింట్ పెట్టారు. 210 అడుగుల దగ్గర పగులు తగిలి ఇంచున్నర నీళ్లు పడ్డాయి. ఆ పగులు మాత్రం సర్వేలో కనబడలేదు.

అర మార్కు తగ్గించింది రిపోర్టు 12 రోజులు ఆలస్యమైనందుకు, అదీ మొత్తం ఇంగ్లిష్‌లో ఉన్నందుకు. పిలిపించుకునేవాళ్లు చుట్టుపక్కల బోర్ల కేసింగ్ బిల్లులు ముందే వెతికి పెట్టుకోండి, ఆ రోజు మోటార్లు ఆపమని పక్కవాళ్లకూ చెప్పి ఉంచండి.